యాడుండావ్?

హైదరాబాదు వచ్చాక నేను మొట్టమొదట వదిలేసిన మాట 'యాడ'. టీమ్ మీటింగులో "ఆ బగ్ యాడొస్తాంది?" అన్నా. ఒకడు నవ్వాడు, ఇంకొకడు సినిమా ఫ్యాక్షనిస్టులా మీసం తిప్పి మళ్ళీ అన్నాడు. మర్నాటి నుంచి 'ఎక్కడ' మొదలు. మాది గిద్దలూరు. ఫోన్లో మా అవ్వ "యాడుండావ్ నాయనా" అన్నా "ఇక్కడే" అనేవాణ్ణి.

అన్నట్టు, 1970లో ఒంగోలు జిల్లా (1972లో ప్రకాశం అయింది) ఏర్పడేదాకా గిద్దలూరు, మార్కాపురం కర్నూలు జిల్లావే. ఒంగోలు కొలీగుకి నా మాట సీమ మాటలా వినపడటంలో వింతేం లేదు.

సరే, అసలు సంగతి. 'ఎక్కడ'ని విడదీస్తే ఏ + కడ. కడ అంటే చోటు, పక్క. మనం "బస్టాండు కాడ" అనేదీ ఆ కడే. ఆ, ఈ, ఏ తర్వాత హల్లు రెట్టించి, ముందున్న దీర్ఘం పొట్టిదవుతుంది. స్కూల్లో బట్టీ పట్టిన త్రికసంధి!

తమిళంలో ఇంగే, అంగే, ఎంగే. కన్నడంలో ఇల్లి, అల్లి, ఎల్లి. మలయాళంలో ఇవిడె, అవిడె, ఎవిడె. తోకలు వేరు, తలలు అవే. ఇంగ్లీషు హియర్, దేర్, వేర్ చూడండి, లక్సెంబర్గు వాళ్ళ హై, డో, వౌ చూడండి. అక్కడా మూడు తలల సెట్టే.

మరి 'యాడ'లో యా ఎక్కణ్ణుంచి వచ్చింది? పాత తమిళంలో 'ఎక్కడ'కి 'యాణ్డు' అనేవారు. ఒంగోల్లో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు కూడా మూల ద్రావిడంలో ప్రశ్నకి 'యా' రూపమే చెప్పారు. ఇది చూసి ఎగిరి గంతేశా, మా అవ్వ మూడు వేల ఏళ్ళ నాటి మాట మాట్లాడుతోందని! :-)

ఆ ఆనందం ఎక్కువసేపు నిలవలేదు. మావాళ్ళు వేపని 'యాప' అంటారు, ఏటని 'యాట' అంటారు. వాటికీ ప్రశ్నకీ సంబంధమే లేదు. అంటే మొదట్లో వచ్చే 'ఏ'ని మేం 'యా' చేస్తాం, అంతే. పైగా 15వ శతాబ్దంలో, మా పక్క కడప సీమలోనే, అన్నమయ్య పదాల్లో ఉన్నది 'ఏడ'. కాబట్టి పాత 'యా' ఎప్పుడో 'ఏ' అయింది, ఆ 'ఏ' మా నోట్లో మళ్ళీ 'యా' అయింది. చుట్టూ తిరిగి బయల్దేరిన చోటికే వచ్చింది. పురాతనం కాదు గానీ తప్పు మాత్రం కాదు. రూలు ప్రకారం నడిచిన మార్పుని తప్పంటే 'ఎక్కడ' కూడా తప్పే.

నిన్న రాత్రి అవ్వ ఫోన్ చేసింది.

"యాడుండావ్ నాయనా?"

"ఈడనే ఉండా అవ్వా, రూములో."

ఆమెకి తేడా ఏం తెలిసినట్టు లేదు. "తిన్యావా?" అంది.