పట్టా వెల, చదువు విలువ

మొన్న వేసవిలో చర్లపల్లి పారిశ్రామికవాడలో పనిచేసే ఒక కార్మికుడు నన్ను వెదుక్కుంటూ వచ్చాడు. ఆయన కూతురు మా బడిలో పదో తరగతి చదివింది. ఇంటర్‌లో హెచ్.ఇ.సి. ముగించి, కోఠీలో బి.ఎ. చేరి చరిత్ర చదువుతానని పట్టుబట్టింది. "సారూ, మూడేండ్లకు ఎంత ఖర్చయితది, అటెన్క ఎంతొస్తది? లెక్కజేసి చెప్పుండ్రి" అన్నాడు. తెలుగు ఎం.ఎ. చేసి బడిపంతులుగా బతుకుతున్న నాకు ఆ ప్రశ్న కొత్తది కాదు. మా నాయన కూడా ఒకప్పుడు అదే అడిగాడు. అయినా వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

చదువు జ్ఞానం కోసమేగాని డబ్బు కోసం కాదని ఉపన్యసించటం నెలజీతం ముట్టేవాళ్లకు సులువు. షిఫ్టు లెక్కన బతికేవాడికి లెక్క కావాలి. అందువల్ల లెక్క అడగటం తప్పు కాదు. ఖర్చెవరిది, లాభమెవరిది అన్నది తేల్చకుండా లెక్క కట్టటమే తప్పు. రాజకీయార్థశాస్త్రం మనకు మారకపు విలువ, ఉపయోగపు విలువ అని రెండు మాటలు నేర్పింది. సామాజికశాస్త్రాల పట్టా విషయంలో ఈ రెండూ ఎట్లా వేరుపడ్డాయో హైదరాబాదు చరిత్రే చెబుతుంది.

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడింది. బోధన ఉర్దూలో. చరిత్ర, అర్థశాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తేవటానికి ప్రత్యేకంగా అనువాదశాఖను నెలకొల్పారు. ఒక భారతీయ భాషలో ఉన్నతవిద్య నేర్పే ప్రయత్నంగా అది ఘనమైనదే. కాని ఆ పట్టాకు వెల కట్టింది నిజాం సర్కారు. కచేరీ నడవటానికి కావలసిన ఉద్యోగులను సర్కారు అక్కడినుంచి తీసుకుంది. స్థానికులెవరో తేల్చే ముల్కీ నిబంధనలు, అందులోని 15 ఏళ్ల నివాస నియమం, ఈ ఉద్యోగాల చుట్టూ అల్లుకున్నవే.

1948లో నిజాం పాలన పోయింది. ఉర్దూలో చదివినవాడి బుర్రలోని చరిత్ర, అర్థశాస్త్రం ఒక్కరోజులో చెరిగిపోలేదు. అయినా ఇంగ్లీషు రాదన్న సాకుతో వాళ్లు వెనకబడిపోయారు. బయటినుంచి వచ్చినవాళ్లు కుర్చీల్లో కూర్చున్నారు. 1952 ముల్కీ ఉద్యమంలో విద్యార్థులు వీధికెక్కటానికి, తూటాలకు బలికావటానికి వెనక ఈ అక్కసు ఉంది. చదువు మారలేదు, కొనేవాడు మారాడు. అంతే, వెల పడిపోయింది. పట్టా వెల తరగతి గదిలో నిర్ణయం కాదన్నది ఈ ఘట్టం నేర్పే మొదటి పాఠం.

తరువాత కొనేవాళ్లు పెరిగారు. 1967లో చర్లపల్లిలో ఈసీఐఎల్ వచ్చింది. నాచారం, ఉప్పల్, చర్లపల్లి పొలాల్లో షెడ్లు లేచాయి. ఐ.టి.ఐ., డిప్లొమా, ఇంజనీరింగు పట్టాలకు ఇంటిముందే గిరాకీ కనిపించింది. ఆ పైన ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలలు వెల్లువెత్తాయి. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చాక అర్హులైన పేదపిల్లలకూ ఆ తలుపు తెరుచుకుంది. అది మేలే. కాని "ఇంజనీరింగు కాకపోతే చదువే కాదు" అన్న మాట ఇంటింటా స్థిరపడింది కూడా ఈ కాలంలోనే.

ఇక్కడొక విచిత్రం గమనించాలి. తెలంగాణ గ్రూప్-2 పరీక్షలో 150 మార్కులవి నాలుగు పేపర్లు. అందులో మూడు చరిత్ర, రాజ్యవ్యవస్థ, సమాజం, అర్థవ్యవస్థ, తెలంగాణ ఉద్యమం చుట్టూ తిరిగేవే. ఇంజనీరింగు చదివినవాళ్లు అశోక్‌నగర్ కోచింగు గదుల్లో కూర్చుని, బి.ఎ.లో చదవనక్కరలేదనుకున్న చరిత్రనే డబ్బుకట్టి చదువుతున్నారు. 2024 డిసెంబరులో జరిగిన గ్రూప్-2లో 783 పోస్టులకు సుమారు 5.5 లక్షల మంది దరఖాస్తు చేశారు. అంటే పోస్టుకు 700 మంది. చరిత్ర మళ్లీ బజారులో పలికింది, అయితే లాటరీ టిక్కెట్టుగా పలికింది. తేదీలు గుర్తుంటే చాలు, కారణాలు అడిగే తీరిక ఎవరికీ లేదు.

మారకపు విలువ కథ ఇది. మరి ఉపయోగపు విలువ? దూరం పోనక్కరలేదు. దేశంలో ఎన్నికల సంఘానికి ఓటింగు యంత్రాలు తయారుచేసే సంస్థలు రెండే. ఒకటి బెంగుళూరు బీఈఎల్, రెండోది మన చర్లపల్లి ఈసీఐఎల్. 1979లో ఇక్కడ నమూనా తయారైంది. 1982లో కేరళలోని పరూరు నియోజకవర్గంలో 50 పోలింగు కేంద్రాల్లో అటువంటి యంత్రాలతో ఓటు వేయించారు. యంత్రం పనిచేసింది. కాని చట్టంలో యంత్రానికి చోటులేదని 1984లో సుప్రీంకోర్టు ఆ ఓటింగును కొట్టివేసింది. 1988లో చట్టాన్ని సవరించిన తరువాతగాని యంత్రానికి దారి దొరకలేదు. తీగలు కలపటం ఇంజనీరు చదువు. ఓటంటే ఏమిటి, దాన్ని లెక్కించే అధికారం ఎక్కడినుంచి వస్తుంది అన్నది మరో చదువు. అది లేనప్పుడు మంచి యంత్రం కూడా అక్కరకు రాలేదు.

తెలంగాణ మిగులు నిధుల సంగతీ అంతే. 1969లో కుమార్ లలిత్ ఆ నిధుల లెక్క తేల్చే పనికి కూర్చునేదాకా అన్యాయం ఒక ఆక్రోశం మాత్రమే. అంకెలు వచ్చాక అది కాదనలేని వాదన అయింది. అర్థశాస్త్రం నేర్పిన ప్రొఫెసర్ జయశంకర్ వంటివారు ఆ లెక్కను జనం నోటికి అందించారు. ఆ లాభం ఏ ఒక్కరి జీతపుచీటీలోనూ కనిపించదు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. సామాజికశాస్త్రం వల్ల వచ్చే లాభం సమాజానిది, దానికయ్యే ఖర్చు ఒక్క కుటుంబానిది.

మన సాహిత్యం ఈ లెక్కలో సగమే చూసింది. కన్యాశుల్కం నాటినుంచి వెంకటేశం చదువు ఖర్చు మీద ఇంట్లో తగువు వింటూనే ఉన్నాం. అర్థశాస్త్రం బోధించిన నవీన్ 1969లో అంపశయ్య వెలువరించి, ఉస్మానియాలో ఒక పేద విద్యార్థి ఒక్కరోజు మనస్సును మన ముందు పరిచారు. ఆ తరువాత నిరుద్యోగ పట్టభద్రుడు మన కథల్లో కొల్లలుగా వచ్చాడు. కాని అతడు చదివిందేమిటి, ఆ చదువుతో తన ఊరిని ఎట్లా చూశాడు అని అడిగిన కథలు తక్కువ. మనమూ అతని పట్టాను బజారు తక్కెడలోనే తూచాం.

పట్టా లేకుండానే చరిత్ర రాయవచ్చు కదా అని కొందరనవచ్చు. నిజమే. 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్ర వెలువరించిన సురవరం ప్రతాపరెడ్డి చరిత్ర ఆచార్యులు కారు. న్యాయశాస్త్రం చదివి, గోలకొండ పత్రిక నడిపినవారు. రాజుల కథ వదిలి ప్రజల తిండి, బట్ట, ఆటపాటలు రాసిన ఆ గ్రంథానికి 1955లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. కాని ఎవరి అండా లేకుండా ఏళ్లతరబడి అంత పరిశ్రమ చేసే వెసులుబాటు షెడ్డు కార్మికుడి కూతురికి ఉంటుందా? బజారు లెక్క చూసుకుని పేదపిల్లలంతా ఈ చదువులనుంచి తప్పుకుంటే చరిత్ర రాయటం ఆగిపోదు. కలిగినవాళ్లు రాస్తారు. ఆకలి గురించి కూడా వాళ్లే రాస్తారు. పొలాలు షెడ్లయిన కథ, కూలి షిఫ్టయిన కథ ఎవరి కళ్లతో చూసిందై ఉంటుంది?

ఆయనతో చివరికి ఉన్నమాటే చెప్పాను. "అన్నా, నెలకింతని రాసియ్యలేను. మొదట వచ్చేది తక్కువే. బి.ఎడ్. చేస్తే పంతులు కొలువుకు దారుంటది, అదీ నోటిఫికేషన్ పడితేనే. గ్రూపుల్లో పోస్టుకు ఏడువందల మంది. కాని నీ బిడ్డ చదివేది ఉత్తదే కాదు."

"ఉత్తది కాకపోతే, దాని ఖర్చు నా ఒక్కని మీదనే ఎందుకు సారూ?" అన్నాడు.

నేను ఇంత రాసి చేరుకున్న చోటికి ఆయన ఒక్కమాటలో చేరుకున్నాడు. ఆ అమ్మాయి ఎక్కడ చేరుతుందో ఇంకా తేలలేదు. సమాజానికి పనికివచ్చే చదువు ఖర్చును సమాజమే భరించాలని, ఉపకారవేతనం సకాలంలో అందాలని, కళాశాలల్లో చరిత్ర, అర్థశాస్త్ర అధ్యాపకుల ఖాళీలు నింపాలని అడగటం కోరిక కాదు, లెక్క సరిచేయటం. రచయితలుగా మనం ఆ లెక్కలో రెండో పద్దు కూడా రాద్దాం.