విశ్వవిద్యాలయ ద్వారమున మన విద్యార్థులు

ఏ కులమువారైనను తమ పూర్వచరిత్రను వ్రాసికొనునపుడు ఋషులను, వంశములను, రాజసన్మానములను వర్ణించుట పరిపాటి. మన పద్మశాలి సంఘ సంచికలయందును మార్కండేయ మహర్షి వృత్తాంతమును, భావనాఋషి కథయు పలుమారులు ప్రకటింపబడుచుండును. అవి వ్రాయదగినవే. కాని మగ్గపు గుంటనుండి లేచి విశ్వవిద్యాలయపు మెట్లెక్కిన మన బాలబాలికల చరిత్రయు అంతే గౌరవముతో వ్రాసికొనవలసియున్నది. కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతముల విద్యార్థులు ఇల్లు విడిచి ఉన్నత విద్యాలయమున కాలుమోపినపుడు, ముఖ్యముగా మొదటి వారమున, ఎదుర్కొనిన కష్టములెట్టివి, వానిని దాటుటకు ఏ యేర్పాటులు తోడ్పడినవి యను విషయమును ఇచ్చట సంగ్రహముగా విచారింపదలచితిమి. మొదటి వారమున నిలదొక్కుకొనిన విద్యార్థి పట్టభద్రుడగుట కవకాశము కలదు. ఆ వారముననే మనసు విరిగి తిరిగివచ్చినవానికి మరల ఆ ద్వారము తెరచుకొనుట దుర్లభము.

నిజాము రాష్ట్రమున ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో స్థాపితమయ్యెను. 1919 ఆగస్టు 28వ తేదీన 225 మంది విద్యార్థులతోను, 25 మంది అధ్యాపకులతోను తరగతులు ప్రారంభమయ్యెను. నేడు మనము చూచు ఆర్ట్సు కళాశాలా భవనమునకు 1934లో పునాదిరాయి వేయబడి, 1939 డిసెంబరులో ప్రారంభోత్సవము జరిగెను. మొదట తరగతులు నగరమధ్యమునందలి భవనములలో జరుగుచుండెను. దేశభాషలో సర్వశాస్త్రములను బోధించుటకు పూనుకొనిన విద్యాపీఠమని దీనికి గొప్ప కీర్తి కలిగెను. పాఠ్యగ్రంథముల నిర్మాణమునకై దారుల్ తర్జుమా యను అనువాద సంస్థ నెలకొల్పబడెను. అయితే ఆ దేశభాష ఉర్దూ. కరీంనగరపు రైతుబిడ్డకును, సాలెబిడ్డకును ఇంటిభాష తెలుగు. తెలుగు ఒక పాఠ్యవిషయముగా మాత్రము ఉండెను. రాయప్రోలు సుబ్బారావుగారు ఆ భాషకు ఆచార్యులుగా నుండిరి. గణితము, చరిత్ర, రసాయనము మొదలగునవన్నియు ఉర్దూలోనే వినవలెను, ఉర్దూలోనే వ్రాయవలెను.

కావున ఆనాటి మొదటి వారపు ప్రథమ కష్టము భాష. జిల్లా పాఠశాలలలో ఉర్దూ కొంత నేర్చియున్నను, పల్లె బడిలో నేర్చిన ఉర్దూకును, ఆచార్యుల అరబ్బీ పారసీక పదభూయిష్ఠమైన ఉర్దూకును చాల దూరము. షేర్వాణీ ధరించి నగరపు మర్యాదల నెరిగినవారి నడుమ పల్లెటూరి బాలుడు నోరు విప్పుటకే సంకోచించుట సహజము. అయినను ఈ కష్టమును దాటి వెలసినవారు లేకపోలేదు. సిరిసిల్ల ప్రాంతమునందలి హనుమాజీపేటలో 1931లో జన్మించిన సి. నారాయణరెడ్డిగారు ఉర్దూ మాధ్యమముననే బి.ఏ. వరకు చదివి, పిదప ఉస్మానియాలోనే తెలుగులో ఎం.ఏ. పట్టమును, 1962లో డాక్టరు పట్టమును పొంది, కాలక్రమమున తెలుగు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులైరి. వారికి 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము లభించెను. ఇక ఆదిలాబాదు అడవులలోని గోండు బాలునకు తెలుగును పరభాషయే. 1943లో మార్లవాయి గ్రామమున హైమెండార్ఫు పండితుని ప్రోత్సాహమున గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రము స్థాపింపబడుటకు కారణ మిదియే. తరగతిలో మొదటి దినమున విన్న మాట అర్థమైననే గదా బాలుడు రెండవ దినమున వచ్చును!

రెండవ కష్టము దారి. కరీంనగరమునుండి హైదరాబాదు రమారమి 160 కిలోమీటర్లు. ఆదిలాబాదునుండి 300 కిలోమీటర్లు. కాజీపేట బలార్షా రైలుమార్గము 1929లో పూర్తియగుటచే పెద్దపల్లి, మంచిర్యాల, సిర్పూరు వైపువారికి రైలు సౌకర్యము కలిగెను. కరీంనగరము పట్టణమునకు మాత్రము చిరకాలము రైలు రాలేదు. 1932లో నిజాము రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించిరి. ఇన్ని ప్రయాసలతో నగరము చేరిన బాలుడు ఇంటి బెంగ పుట్టినంతనే తిరిగిపోవుటకు వీలులేదు. తిరిగిపోయినచో మరల వచ్చుటకు దారిఖర్చు లేదు.

మూడవది యన్నిటికంటె ముఖ్యమైనది: తల దాచుకొను చోటు, కడుపునిండ కూడు. ఈ విషయమున మనము ఇతరుల చరిత్రనుండి నేర్వదగిన పాఠమొకటి కలదు. రాజా బహద్దూరు వేంకటరామారెడ్డిగారి కృషిచే హైదరాబాదున రెడ్డి హాస్టలు 1918లో స్థాపితమైనది. అనగా ఉస్మానియా తరగతులు ప్రారంభమగుటకు ముందే వసతిగృహము సిద్ధమైయుండెను! సురవరము ప్రతాపరెడ్డిగారివంటి విద్వాంసులు ఆ గృహమునకు పర్యవేక్షకులుగా నుండి, విద్యార్థులకు గ్రంథపఠనమునందును, భాషాభిమానమునందును అభిరుచి కలిగించిరి. అన్నము, పడక, పుస్తకము, పెద్దదిక్కు అను నాలుగును ఒకే కప్పుక్రింద లభించుటచే పల్లెబిడ్డకు నగరము పరాయిది కాకపోయెను. ఈ మార్గమును చూచి ఇతర కులములవారును తమతమ వసతిగృహములను నిర్మించుకొనిరి.

వసతిగృహము చదువునకేగాక దేశభక్తికిని నెలవయ్యెను. 1938 నవంబరులో ఉస్మానియా వసతిగృహములలో వందేమాతర గీతమును పాడినందులకు విద్యార్థులు బహిష్కృతులైరి. ఉద్యమము వరంగల్లు మొదలగు తావులకు ప్రాకెను. కరీంనగర ప్రాంతమునందలి వంగరలో పెరిగిన పి.వి. నరసింహారావుగారు వరంగల్లు కళాశాలనుండి అట్లు వెలివడినవారే. వారికిని, అనేకులకును నాగపూరు విశ్వవిద్యాలయము ఆశ్రయమిచ్చెను. కాజీపేటనుండి బలార్షా మీదుగా సాగిన ఆ రైలుమార్గమే ఆ యువకులను నూతన విద్యాపీఠమునకు చేర్చెను. భాష మారెను, పాలన మారెను, కొత్తవారి నడుమ మరల మొదటి వారము ప్రారంభింపవలసివచ్చెను. వారు వెనుదీయలేదు.

మన కులమున ఆదర్శముగా నిలిచినవారు కొండా లక్ష్మణ్ బాపూజీగారు. 1915 సెప్టెంబరు 27న ఆసిఫాబాదు ప్రాంతమునందలి వాంకిడిలో జన్మించి, ఆసిఫాబాదున చదివి, హైదరాబాదు చేరి న్యాయశాస్త్రము నభ్యసించి న్యాయవాదులైరి. 1952లో ఆసిఫాబాదునుండి శాసనసభకు ఎన్నికైరి. చేనేత సహకార సంఘములకై జీవితాంతము పాటుపడిరి. 1969లో తెలంగాణకై మంత్రిపదవిని త్యజించిరి. 2012లో స్వర్గస్థులైరి. అడవిజిల్లా పల్లెలోని సాలెయింట పుట్టిన ఆ బాలుని పేర నేడు రాష్ట్ర ఉద్యాన విశ్వవిద్యాలయమే వెలసియున్నది.

1948 తరువాత ఉస్మానియాలో ఉర్దూ స్థానమును క్రమముగా ఆంగ్లము ఆక్రమించెను. 1976 ఆగస్టులో వరంగల్లున కాకతీయ విశ్వవిద్యాలయము ఏర్పడుటచే మన రెండు జిల్లాలవారికి ఉన్నతవిద్య సమీపమయ్యెను. 2008లో కరీంనగరముననే శాతవాహన విశ్వవిద్యాలయము స్థాపితమయ్యెను. అదే సంవత్సరము గోదావరీతీరమున బాసరలో రాజీవ్ గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయము ప్రారంభమై, పదవ తరగతి ముగించిన గ్రామీణ బాలబాలికలను ఆరు సంవత్సరముల చదువునకు చేర్చుకొనజొచ్చెను. పదునైదు, పదునారేండ్ల ప్రాయమున తల్లిని విడిచి వచ్చు బిడ్డకు ఆ మొదటి వారము ఎంత భారమో తల్లిదండ్రులెరుగుదురు. తెలుగు బడినుండి వచ్చినవానికి ఆంగ్ల ఉపన్యాసము, ఇంటి జొన్నరొట్టె మరగినవానికి భోజనశాల పంక్తి, పెద్ద విద్యార్థుల ఎకసెక్కెములు, ఇవన్నియు ఒక్కమారుగా మీద పడును. ర్యాగింగును నిషేధించుచు 1997లో రాష్ట్రశాసనమును, 2009లో విశ్వవిద్యాలయ ధన సహాయ సంఘమువారి నియమావళియు వెలువడినవి. శాసనము రక్షణ నిచ్చును గాని ధైర్యము నీయజాలదు. ధైర్యము తనవారివలననే కలుగవలెను.

మన యిండ్ల స్థితి వేరని మరువరాదు. కండెలు చుట్టు చేయి యొకటి తగ్గినచో ఆ వారపు కూలియే తగ్గును. సిరిసిల్ల సాంచాలపై బ్రతుకువారి ఇంటను, భీవండికి, షోలాపూరునకు వలసపోయినవారి ఇంటను బిడ్డను చదువునకు పంపుట యనగా తక్కినవారు అధికముగా శ్రమించుటయే. ఆ బిడ్డ ఆ సంగతి నెరిగియే పోవును. మొదటి వారమున ఏ చిన్న అవమానము జరిగినను, ఏ రుసుము తక్కువపడినను, “ఇంటికిపోయి సాంచె నడుపుకొందును” అను తలంపు వానిని పీడించును. పాత పడుగు కొసలకు కొత్త పడుగును అతుకువాడు ఒక్కొక్క పోగును ఓపికతో కలుపును. ఆ యతుకు సరిగా కుదిరినచో మగ్గము సాగును, లేనిచో పోగులు తెగును. విద్యార్థి మొదటి వారమును అట్టి యతుకువంటిదే.

కావున మహాసభవారికి మా విన్నపములు మూడు. మొదటిది, విశ్వవిద్యాలయమున్న ప్రతి పట్టణమున మన పెద్దలలో నొకరు ప్రవేశ దినములలో నూతన విద్యార్థులను కలసికొని, వసతి కుదురువరకు వెంటనుండవలెను. రెండవది, ప్రవేశ రుసుమును, మొదటి నెల భోజనవ్యయమును అప్పుగానైనను ముందే యిచ్చు నిధి నొకదానిని కూర్పవలెను. మూడవది, పై తరగతి విద్యార్థి యొక్కొక్కడు కొత్తవాని నొక్కని భాషావిషయమున చేయిపట్టి నడిపింపవలెను. బాలికల విషయమున ఈ మూడును రెండింతల శ్రద్ధతో జరుగవలెను. హైదరాబాదున 1924లోనే స్త్రీలకు ప్రత్యేక కళాశాల వెలసినను, మన యింటి బాలిక ఆ గడప త్రొక్కుటకు ఎంతకాలము పట్టినదో తలచికొనుడు.

ధనవంతులు సత్రములు కట్టించిరి, గుడులు కట్టించిరి. వారికి పుణ్యము కలుగుగాక. ఒక బిడ్డను విద్యాలయమున ఏడు దినములు నిలిపినవారికిని ఆ పుణ్యము తక్కువ కాదని మా దృఢవిశ్వాసము.