టీమిండియా జెర్సీపై ఇక్కత్ డిజైన్.. మరి పోచంపల్లి మగ్గానికి దక్కేదేంటి?

టీమిండియా జెర్సీ అనగానే నీలం రంగే గుర్తొస్తుంది. కానీ 2023 జూన్‌లో అడిడాస్ విడుదల చేసిన జెర్సీల్లో ఇంకో విశేషం ఉంది. వాటిని డిజైన్ చేసిన ఆకిబ్ వానీ పులి చారలతో పాటు ఇక్కత్ నుంచి కూడా స్ఫూర్తి తీసుకున్నారు. ఇక్కత్ ఒడిశా, గుజరాత్‌లోనూ ఉంది. తెలుగువాళ్లకు మాత్రం ఆ మాట వింటే ఉమ్మడి నల్గొండలోని పోచంపల్లి, పుట్టపాక గుర్తొస్తాయి. డిజైనర్లు, స్పోర్ట్స్ బ్రాండ్లు చేతులు కలిపితే అసలు నేతకు ఏం ఒరుగుతుందో చూద్దాం.

ఈ ట్రెండ్ ఎలా మొదలైంది?

1998లో జర్మన్ డిజైనర్ జిల్ సాండర్‌తో ప్యూమా షూలు తెచ్చింది. 2002లో జపాన్ డిజైనర్ యోజి యమమోటో, అడిడాస్ కలిసి 'వై-3' మొదలుపెట్టారు. 2017లో నైకీ కోసం వర్జిల్ అబ్లో పది షూలను కొత్తగా డిజైన్ చేశారు. 2020లో డియోర్ జోర్డాన్ షూలు వచ్చాయి. లెక్క సింపుల్.. బ్రాండ్‌కు ఫ్యాషన్ పేరు, డిజైనర్‌కు పెద్ద మార్కెట్. డిజైన్‌కు మూలమైన చేతివృత్తి మాత్రం చాలాసార్లు 'స్ఫూర్తి' దగ్గరే ఆగిపోతుంది.

ఇక్కత్ అంటే ప్రింట్ కాదు

బట్ట నేశాక అచ్చు వేస్తే అది ఇక్కత్ అవ్వదు. ముందు నూలును ఆసు పోస్తారు. డిజైన్ ప్రకారం రంగు అంటకూడని చోట రబ్బరు ముక్కలతో గట్టిగా కట్టి, రంగులో ముంచుతారు. ప్రతి రంగుకూ మళ్లీ ఇదే పని. ఆ తర్వాతే నూలు మగ్గం ఎక్కుతుంది. పడుగు, పేక రెండింటికీ ఇలా చేస్తే డబుల్ ఇక్కత్. ఆసు పోసే శ్రమ తగ్గించే యంత్రం చేసిన ఆలేరు ప్రాంతవాసి చింతకింది మల్లేశానికి 2017లో పద్మశ్రీ వచ్చింది.

మగవాళ్ల బట్టే.. తేలియా రుమాల్

పుట్టపాకకు పేరు తెచ్చిన తేలియా రుమాల్ మొదట్లో మగవాళ్లు కట్టిందే. నూలును నూనె, ఆముదం కాయల బూడిదతో శుద్ధి చేసి ఎరుపు, నలుపు రంగులు అద్దేవారు. తలపాగాగా, లుంగీగా వాడేవారు. చీరాల ప్రాంతం నుంచి అరబ్ దేశాలకూ ఎగుమతయ్యేది. అదే పనితనానికి పుట్టపాక కళాకారులు గజం గోవర్ధన 2011లో, గజం అంజయ్య 2013లో పద్మశ్రీ అందుకున్నారు.

జీఐ ఉంది కదా?

ఉంది. పోచంపల్లి ఇక్కత్‌కు 2004-05లోనే జీఐ గుర్తింపు వచ్చింది. పుట్టపాక తేలియా రుమాల్‌కు 2020లో దక్కింది. ఉమ్మడి మహబూబ్‌నగర్‌లోని గద్వాల, నారాయణపేట చీరలకూ ఉంది. కానీ జీఐ ప్రధానంగా కాపాడేది పేరును. వేరే చోట తయారైన బట్టను 'పోచంపల్లి ఇక్కత్' అని అమ్మకూడదు. ఆ పేరు వాడకుండా ఇక్కత్ లాంటి గీతలు అచ్చు వేస్తే మాత్రం జీఐతో ఆపడం కష్టం. చిక్కంతా ఇక్కడే.

నేతన్నకు వాటా రావాలంటే?

ఆటగాడు వేసుకునే జెర్సీ సాగాలి, చెమట త్వరగా ఆరాలి. అందుకే పాలిస్టర్ వాడతారు. చేనేత నూలు బట్ట ఆ పని చేయలేదు. కానీ జాకెట్లు, టోపీలు, బ్యాగులు, షూ పైభాగం.. వీటికి ఇక్కత్ బట్ట పనికొస్తుంది. నేత ఆర్డర్ నేరుగా సొసైటీకి ఇవ్వడం, రంగులద్దకానికి సరిపడా టైమ్ ఇవ్వడం, లేబుల్‌పై ఊరి పేరు వేయడం.. ఒప్పందంలో ఈ మూడూ ఉంటే కూలీ, గుర్తింపు రెండూ మగ్గం దాకా వస్తాయి.

కొనేటప్పుడు ఇవి చూడండి

* బట్టను తిరగేయండి. అసలు ఇక్కత్‌లో రెండు వైపులా రంగు దాదాపు ఒకేలా ఉంటుంది. అచ్చు వేసిన బట్ట వెనక వైపు సాధారణంగా వెలిసినట్టు కనిపిస్తుంది.
* డిజైన్ అంచులు కాస్త చెదిరినట్టు ఉంటాయి. అది లోపం కాదు, కట్టి రంగు వేసిన గుర్తు.
* హ్యాండ్‌లూమ్ మార్క్ లేబుల్ ఉందేమో చూడండి. చేనేత కోసం కేంద్రం 2006లో తెచ్చిన గుర్తు ఇది.