500 మైళ్లు దాటని ఈమెయిల్

ఈరోజు ఒక వింత కంప్లైంట్ కథ.

1990ల మధ్యలో సంగతి. అమెరికాలోని నార్త్ కరోలినాలో ఒక యూనివర్సిటీ. అక్కడ మెయిల్ సర్వర్లు చూసే ట్రే హారిస్‌కి స్టాటిస్టిక్స్ డిపార్ట్‌మెంట్ హెడ్ నుంచి ఫోన్. "500 మైళ్లు దాటి మా మెయిల్ వెళ్లట్లేదు" అని.

నవ్వొస్తుంది కదా? మెయిల్‌కి దూరంతో పనేంటి! కానీ వాళ్లు కొన్ని రోజులు లెక్కలు తీసి మరీ ఫోన్ చేశారు. హారిస్ కూడా పంపి చూశాడు. న్యూయార్క్‌కి వెళ్లింది. ఇంకాస్త దూరంలోని ప్రావిడెన్స్‌కి వెళ్లలేదు.

ఏం జరిగిందంటే, ఒక కన్సల్టెంట్ వచ్చి సర్వర్ ఓఎస్ అప్‌డేట్ చేసి వెళ్లాడు. దాంతో సెండ్‌మెయిల్ 8 పోయి, పాత సెండ్‌మెయిల్ 5 వచ్చి కూర్చుంది. కాన్ఫిగ్ ఫైల్ మాత్రం 8దే. అందులోని కొత్త ఆప్షన్లు అర్థంకాక పాత వెర్షన్ వాటిని వదిలేసింది. అలా కనెక్షన్ టైమౌట్ సున్నా అయిపోయింది. ఆ మెషీన్‌లో సున్నా అంటే సుమారు 3 మిల్లీసెకన్లు. ఆలోపు అవతలి సర్వర్ పలకకపోతే కట్! మరి 3 మిల్లీసెకన్లలో కాంతి ఎంత దూరం వెళ్తుంది? దాదాపు 558 మైళ్లు.

2002లో హారిస్ ఈ కథ రాశాడు. చదివినప్పుడు నాకు సిగ్గేసింది. నా మొదటి జాబ్‌లో అకౌంట్స్ మేడమ్ ఒకావిడ "సాయంత్రాలే మెయిల్స్ ఆగిపోతున్నాయి బాబూ" అంటే, "మీ నెట్ ప్రాబ్లమ్ మేడమ్" అని టికెట్ క్లోజ్ చేసేశా. రెండు వారాలు ఆవిడ మాటలు పడింది. చివరికి చూస్తే, సాయంత్రాలు డిస్క్ నింపేస్తున్నది నేను పెట్టిన బ్యాకప్పే.

సారీ అయితే చెప్పా. కానీ ఆ రెండు వారాలు తిరిగిరావు కదా.