చెరువు మాన్యం - దీపం మాన్యం

మన సంఘంలో ఈనాడు పట్నాల్లో కాపురముంటున్న కుటుంబాలే ఎక్కువ. అయినా ఎవరిని కదిపినా "మాది ఫలానా పల్లె" అంటారు. ఆ పల్లె ఎందుకు వదలవలసి వచ్చిందని అడిగితే అందరిదీ ఒకే మాట: "వానల్లేవు, చెరువు నిండదు, బోరు ఎండిపోయింది." రాయలసీమకు వానలు తక్కువన్నది కొత్త సంగతి కాదు. అనంతపురం ప్రాంతంలో ఏటా కురిసే సగటు వాన 550 మిల్లీమీటర్ల చిల్లర మాత్రమే. అంత తక్కువ వానతోనే మన పల్లెలు వందల ఏండ్లు నిలిచాయి. మరి ఇప్పుడెందుకు నిలవలేకపోతున్నాయి? దీనికి జవాబు ఆకాశంలో కంటే భూమి లెక్కల్లోనే ఎక్కువగా దొరుకుతుందని నా అభిప్రాయం.

కడప సీమలోని పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఒకటి కలదు. బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు ఆ చెరువు కట్టించాడు. వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేండ్ల పని అని అందులో లెక్క ఉంది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలు, రాకూడని ఆరు దోషాలు కూడా చెక్కించారు. రెండు వందల ఏండ్ల తరువాత, 1562లో, గోలకొండలో ఇబ్రహీం కుతుబ్ షా హయాంలో హజ్రత్ హుస్సేన్ షా వలీ గారు దగ్గరుండి హుస్సేన్ సాగర్ కట్టించారు. మతమేదైనా చెరువు తవ్వించడం పుణ్యకార్యమే. మనవాళ్ళు దాన్ని సదఖయె జారియా అన్నారు. అంటే మనిషి పోయినా ఆగని దానం.

అయితే చెరువు కట్టించడం ఒక ఎత్తు, కాపాడడం ఒక ఎత్తు. ఏటా పూడిక తీయాలి, కట్ట మీద కంప కొట్టాలి, తూము చూడాలి, వానాకాలంలో అలుగు దగ్గర కాపలా ఉండాలి. ఈ పని ఎవరు చేస్తారు? దానికి పెద్దలు చేసిన ఏర్పాటే దశబంధం. చెరువు కట్టించినవారికి, లేదా దాని మరమ్మతు బాధ్యత తీసుకున్నవారికి, ఆ చెరువు కింది ఆదాయంలో పదో వంతు వదిలిపెట్టేవారు. పేరులోనే ఆ లెక్క ఉంది. విడిగా పొలం కొలిచి ఇస్తే ఖండ దశబంధం, మొత్తం శిస్తులో వాటా వదిలితే షామిలాత్ దశబంధం. నీరు వదిలే నీరుగంటికీ మాన్యముండేది. మసీదులో దీపం పెట్టి బాంగు పిలిచే ముల్లా సాహెబుకూ, గుళ్ళో పూజారికీ అట్లాగే ఉండేది. వీటన్నిటి సూత్రం ఒక్కటే. భూమి ఊరికే రాలేదు, పనితో పాటు వచ్చింది. పని మానితే భూమి మీద హక్కూ పోవలసిందే.

1800లో నిజాం ఈ దత్తమండలాలను కంపెనీ వారికి ఇచ్చాడు. మన్రో దొర కలెక్టరుగా వచ్చి రైత్వారీకి పునాది వేశాడు. రైతుకూ సర్కారుకూ నేరుగా లెక్క కుదిరింది. దీనిలో మేలు లేకపోలేదు. కాని శిస్తు ఒక్కొక్కరిదైంది, చెరువు మాత్రం ఊరందరిదిగా ఉండిపోయింది. ఊరివాళ్ళు కలిసి చేసే కుడిమరామత్తు సడలిపోతే, దాన్ని బలవంతానైనా చేయించాలని మద్రాసు ప్రభుత్వం 1858లో ఒక చట్టమే చేసింది. ఇష్టంగా చేసే పనికి చట్టం కావలసి వచ్చిందంటేనే రోగం ముదిరిందన్నమాట. అదే ఏడు ఇనాం కమిషను ఏర్పడింది. చాలా సొంత ఇనాములకు కొద్దిపాటి పన్ను కట్టి పూర్తి ఆస్తి చేశారు. దశబంధాలను మరమ్మతు షరతు మీదనే ఖాయపరిచారు గాని, ఆ షరతు అమలు చూసే పట్టుదల రానురాను తగ్గింది. 1876-78 ధాతు కరువులో సీమ జనం లక్షల సంఖ్యలో పోయిన తరువాత, 1883లో చెరువుల పునరుద్ధరణ పథకం మొదలైంది. ఇంజనీర్లు వచ్చారు, కొలిచారు. అప్పటికి మన నోట కూడా "సర్కారు చెరువు" అనే మాట వచ్చేసింది.

స్వరాజ్యం వచ్చాక 1956లో ఆంధ్ర ప్రాంతంలో ఇనాముల రద్దు, రైత్వారీ మార్పిడి చట్టం వచ్చింది. అంతకు ఒక ఏడాది ముందే తెలంగాణా ప్రాంతానికి వేరే చట్టం ఉంది. దున్నేవాడికి హక్కు రావడం న్యాయమే, దాన్ని ఎవరూ కాదనరాదు. పాత ఏర్పాటులో వెట్టి ఉండేది, కులం పెత్తనం ఉండేది, మాన్యం తిని పని ఎగ్గొట్టిన పెద్దమనుషులూ ఉండేవారు. పాతకాలమంతా బంగారమని నేను అనడం లేదు. కాని భూమిని పంచినవారు దానితో ముడిపడిన పనిని ఎవరికి పంచారు? ఇక్కడే లోటు జరిగింది. మాన్యం పట్టా అయింది, తూము అనాథ అయింది. 1984 జనవరిలో కరణం, మునసబు ఉద్యోగాలు కూడా రద్దయ్యాయి. వాళ్ళ ఆగడాలు పోయినందుకు ఊళ్ళు సంతోషించాయి. అయితే చెరువు భూమి సరిహద్దు ఎరిగినవాడు కూడా వాళ్ళతోనే పోయాడు.

ఆ తరువాత బోరు వచ్చింది. కరెంటు మోటారుకు హార్స్‌పవర్ లెక్కన, 2004 నుంచి ఉచితంగా ఇవ్వడంతో ఎవరి నీళ్ళు వాళ్ళవైపోయాయి. బోరున్నవాడికి చెరువు అవసరం కనబడలేదు. చెరువు నిండితేనే బోరులో నీళ్ళూరుతాయన్న సంగతి బోరు ఎండిన నాడు గాని తెలియలేదు. కొర్ర, సజ్జ, జొన్న పోయి ఎక్కడ చూసినా వేరుశనగే అయింది. వాన తప్పితే మేతా లేదు, గింజా లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 1950లలో చెరువుల కింద పది లక్షల హెక్టార్లకు పైగా సాగయ్యేది. యాభై ఏండ్లలో దానిలో సుమారు మూడో వంతు పోయింది. 1997లో నీటి వినియోగదారుల సంఘాలు పెట్టారు. 2015లో తెలంగాణాలో మిషన్ కాకతీయ, ఆంధ్రప్రదేశ్‌లో నీరు-చెట్టు వచ్చి పూడిక తీశాయి. మంచిదే. కాని పూడిక ఒకసారి తీస్తే చాలదు, మళ్ళీ పేరుకుంటుంది. ఏటేటా చూసే మనిషి కావాలి.

ఇక మన ఇంటి సంగతి చెప్పుకుందాం. చెరువు మాన్యానికి పట్టిన గతే దీపం మాన్యానికీ పట్టింది. 1956 చట్టం రైత్వారీ గ్రామాల్లో సంస్థ పేర ఉన్న భూమికి సంస్థ పేరనే పట్టా ఇచ్చే వీలు కల్పించింది. ఆ వీలును వాడుకున్న ఊళ్ళలో మసీదు దీపం వెలుగుతున్నది. ఎవరూ అడగని ఊళ్ళలో భూమి చేతులు మారిపోయింది. తీసుకున్నవారిలో పరాయివాళ్ళే కాదు, మనవాళ్ళూ ఉన్నారు. ఇది చేదు మాటే గాని చెప్పక తప్పదు. 1954, 1995 వక్ఫ్ చట్టాలు వచ్చినా, కాగితం లేనిచోట చట్టం ఏం చేస్తుంది? 2025 సవరణతో వక్ఫ్ ఆస్తుల వివరాలను కేంద్ర పోర్టల్‌లో ఎక్కించవలసి వచ్చింది. కాబట్టి పాత పత్రాల విలువ ఇంకా పెరిగింది.

అందుచేత సభ్యులకు నా మనవి రెండు మాటలు. సెలవులకు ఊరు పోయినప్పుడు మసీదు, దర్గా, ఖబ్రస్తాన్ భూముల సర్వే నంబర్లు, పాత ఇనాం పత్రాల నకళ్ళు సేకరించి సంఘానికి ఇవ్వండి. రెండోది, చెరువు పూడిక పనికి ఊరు చందా వేస్తే మన వంతు వేయండి, కుదిరితే ఒకపూట పార పట్టండి. ఆ చెరువు నీళ్ళు ఎవరి మతమూ అడగవు.

భూమి మీద హక్కు కోసం మనమంతా కోర్టుల చుట్టూ తిరుగుతాం. దానితో వచ్చిన బాధ్యతను మాత్రం ఎవరమూ అడగం. ఆ బాధ్యతను తలకెత్తుకున్న నాడు పల్లె నిలుస్తుంది, ఇన్షా అల్లాహ్.