ఇక్కడి పేదలా, దూరదేశ సేవా? 1903 చెప్పే జవాబు



మనలో చర్చికి పోయే కుటుంబాల మధ్య ప్రతి ఏడూ ఒక వాదన లేస్తుంది. కానుకల డబ్బు పక్క వీధిలో ఫీజు కట్టలేని బిడ్డకు ఇయ్యాలా, ఎక్కడో దూరదేశంలో మిషను పనికి పంపాలా? "తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం" అంటారు ఒకరు. "ఆ కాలంలో వాళ్ళూ అట్లే అనుకుని ఉంటే మనకు బడి ఏది, ఆసుపత్రి ఏది?" అంటారు ఇంకొకరు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. అయితే ఈ వాదన ఇప్పటిది కాదు. ఒకప్పుడు ఇంకొకరి వాదనలో మన తెలుగునాడే ఆ 'దూరదేశం'. ఆ చరిత్ర తెలుసుకుని మాట్లాడితే మంచిదని ఇది రాస్తున్నాం.

1836లో శామ్యూల్ డే అనే అమెరికా బాప్టిస్టు మన దేశానికి వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడినారు. ఏళ్ళు గడిచినా చేరినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. చందా ఇచ్చే అమెరికావాళ్ళు ఊరుకుంటారా? "ఇంత డబ్బు పోసి ఫలితం ఏది? మూసేద్దాం" అన్నారు. 1853లో ఆల్బనీ ఊరి సభలో ఇదే చర్చ. పటంలో నెల్లూరు ఒంటరి నక్షత్రంలాగా ఉందని ఒకరు అంటే, అమెరికా దేశభక్తి గీతం రాసిన ఎస్.ఎఫ్. స్మిత్ ఆ మాట మీదే పద్యం కట్టినారు. మిషను నిలిచింది. 1862లో మళ్ళీ అదే ప్రశ్న. అప్పుడు వాళ్ళ దేశంలో అంతర్యుద్ధం. ఇంటి కష్టం అంతకంటే ఏముంటుంది? అయినా నెల్లూరులో పనిచేసి వెళ్ళిన లైమన్ జ్యూయెట్, మీరు పంపినా పంపకపోయినా నేను తిరిగి పోతానని పట్టుపట్టినారు. మిషను మళ్ళీ నిలిచింది.

తరువాత 1876-78 కరువు. తమిళంలో తాదు వరుషప్పంజం అంటారు, తెలుగులో ధాత కరువు. ఒంగోలులో ఉన్న జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో సుమారు మూడు మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు పట్టి, ఆకలితో వచ్చినవాళ్ళకు పని ఇచ్చి కూలి ఇచ్చినారు. మదరాసులో ఇప్పుడు మనం ముక్కు మూసుకుని దాటే కాలువే అది. అందులో ఒక భాగం ఆకలిగొన్న మన తెలుగు మాల మాదిగల చేతులతో తవ్వింది.

ఇందులో గమనించవలసింది ఇంకొకటి ఉంది. కరువు సాయం నడిచినన్నాళ్ళు క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇయ్యలేదు. గంజి కోసం మతంలో చేరినారనే మాట రాకూడదని ఆపేసినారు. సాయం ముగిసినాకే మొదలుపెట్టినారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది. ఆ సంఖ్యను అందరూ గొప్పగా చెప్పుకుంటారు. మాకు దానికి ముందు ఆయన ఆగిన నెలలే పెద్దవిగా కనిపిస్తాయి.

ఇంకో 25 ఏళ్ళు ముందుకు పోదాం. 1903లో నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్టిస్టులే తమ సొసైటీ తరఫున జాన్ రంగయ్యగారిని దక్షిణాఫ్రికాలోని నేటాలుకు పంపినారు. ఆ సొసైటీ పేరు హోం మిషనరీ సొసైటీ. పేరు 'ఇల్లు', పంపింది సముద్రం అవతలికి! 1860 నుంచి మదరాసు రేవులో ఓడ ఎక్కి, చెరకు తోటలకు, టీ తోటలకు ఒప్పంద కూలీలుగా పోయిన మనవాళ్ళ కోసం అది. కియర్స్‌నీ టీ తోటల దగ్గర ఆ ఏడే సంఘం కట్టినారు. ఇప్పుడు చెప్పండి, అది దూరదేశ సేవా, ఇంటివాళ్ళ సేవా?

అదే 1903లో ఫిబ్రవరి 12న, మన తమిళనాడులోని తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. మనిషి మనది, డబ్బు మనది, నిర్వాహం మనది అని వాళ్ళ నియమం. అక్కడి క్రైస్తవుల్లో తాటిచెట్టు ఎక్కి పదనీరు దించి బతికే కుటుంబాలు ఎక్కువ. వాళ్ళకు మాత్రం ఇంట్లో ఆకలి లేదా? అయినా చందా వేసి మనుషుల్ని పంపింది నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు, తెలుగువాళ్ళ దగ్గరికి.

రైల్వే గుమాస్తాలుగా మాకు డోర్నకల్ అంటే బొగ్గు లైను విడిపోయే జంక్షను. అరవ బడిలో చదివి, తెలుగు ఇంట్లో నేర్చుకున్న మాకు ఆ పేరు ఇంకొక కారణానికి ఇష్టం. వేదనాయగం శామ్యూల్ అజరయ్య అనే తమిళ పల్లె గురువు కొడుకు, ముప్పై దాటినాక తెలుగు నేర్చుకుని, 1909లో అక్కడ కాపురం పెట్టినారు. 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయినారు. 1945లో కన్నుమూసేదాకా డోర్నకలే ఆయన ఊరు. ఇయ్యడం ధనవంతుల పని మాత్రమే కాదని ఆయన నమ్మకం. దానం గురించి పుస్తకమే రాసినారు. తీసుకునే చెయ్యి ఇచ్చే చెయ్యి కావాలని కూలిజనానికే నేర్పినారు.

1910లో ఎడిన్‌బరో మహాసభలో ఆయన తెల్లవాళ్ళ ముందే నిలబడి, మీ త్యాగం మరువం, అయితే మాకు ఇప్పుడు కావలసింది స్నేహం అని అడిగినారు. డబ్బుతో పాటు పెత్తనం కూడా వస్తే అది సేవ కాదని అర్థం. దూరానికి డబ్బు పంపేవాళ్ళు ఈ మాట మరువకూడదు.

మా అభిప్రాయం ఇది. వాకిట్లో ఆకలితో నిలబడినవాడి ముందు వాదన లేదు. వాడికే మొదలు. క్లౌ బాప్తిస్మాలు ఆపి గడ్డపారలు చేతికిచ్చింది అందుకే. కానీ మొత్తం ఇంటికే అని గిరి గీస్తే, 1853లో ఆల్బనీలో అదే గీసి ఉంటే, 1877లో ఒంగోలులో ఆ కాంట్రాక్టు పట్టేవాడు ఉండేవాడు కాదు. ఒకరి దూరదేశ సేవే ఇంకొకరికి వాకిటి గంజి అయింది.

కాబట్టి కమిటీ లెక్క చూసేటప్పుడు రెండు ప్రశ్నలు అడగండి. ఇంటికే ముందు అనేవాళ్ళను, పోయిన ఏడు ఇక్కడ ఎంతమంది బిడ్డలకు ఫీజు కట్టినారని అడగండి. దూరానికి పంపాలనేవాళ్ళను, అక్కడివాళ్ళు తమ కాళ్ళ మీద నిలబడేది ఎప్పుడు, వాళ్ళ భాష నేర్చినవాళ్ళు మనలో ఎవరని అడగండి. ఇద్దరి దగ్గరా జవాబు ఉంటే డబ్బును ఒక నియమంతో రెండు భాగాలు చేయండి. లేకపోతే ముందు జవాబు వెతకండి, తరువాత చందా వసూలు చేయండి.