నీటిపై సాగిన బాట

నార్వే పటమును చూచినచో పశ్చిమతీరమున సముద్రము సన్నని చీలికలుగా భూమిలోనికి చొచ్చుకొని పోయినట్లు కానవచ్చును. హిమానీనదములు కొండలను తొలిచి విడిచిన లోయలలో ఉప్పునీరు నిండగా ఏర్పడిన ఈ పాయలను ఫ్యోర్డులందురు. వానిలో దీర్ఘమైన సోగ్నేఫ్యోర్డు పొడవు 200 కిలోమీటర్లకు పైమాట. మిక్కిలి లోతైన చోట 1,300 మీటర్లు.

ఇట్టి నీరు జనులను వేరుచేసినదని మనమనుకొందుము. నిజమునకు పూర్వము వారిని కలిపినది అదియే. కొండ నెక్కి దిగుటకన్న పడవపై ఎదుటి యొడ్డు చేరుట సులభము. బాటసారులను నిర్ణీతమైన వెలకు దాటించు బాధ్యతను చట్టము తీరపు రైతులపై మోపినది. కోతలనాడు పిలుపు వచ్చినను తెడ్డు పట్టక తప్పెడిది కాదు. 1858లో సోగ్న్ ప్రాంతమున ఆవిరియోడల సంస్థ వెలసిన పిమ్మట ఆ భారము కొంత తగ్గెను.

మోటారుకారు వచ్చిన తరువాతనే నీరు అడ్డుగా మారినది. తొలుత కారును కొక్కెమునకు తగిలించి ఓడపైకి ఎత్తెడివారు. యజమాని ప్రాణములు ఆ త్రాటికే వ్రేలాడుచుండెను గాబోలు! పిదప ముందు వెనుకలు రెండును తెరచుకొను ఫెర్రీలు వచ్చినవి. మన కృష్ణానది రేవులలోని బల్లకట్టునకు వీనిని పెద్దన్నలనవచ్చును. కారు ఒక కొసనుండి ఎక్కి, మరియొక కొసనుండి దిగును. సొంత కార్ల అమ్మకముపై నార్వేలోనుండిన ఆంక్ష 1960లో తొలగగా, వేసవిలో రేవులయొద్ద బారులు పెరిగినవి. ఫెర్రీలోని ఫలహారశాలలో వెన్న పూసి మడిచి యిచ్చు ‘స్వేలే’ యను మందపు తీపి అట్టు ప్రయాణికుల కోపమును కొంత చల్లార్చెడిది.

2013లో హార్డంగర్ ఫ్యోర్డుపై 1,310 మీటర్ల నడిమి అంగగల వంతెన తెరువబడి, అచ్చటి ఫెర్రీ నిలిచిపోయినది. ఫెర్రీ పోయెనని విచారించువారు తరచుగా విహారయాత్రికులే. అర్ధరాత్రి ప్రసవవేదనతో రేవుకడ ఓడకై వేచియుండిన స్త్రీ నడిగినచో వేరుమాట చెప్పును.

అయినను సోగ్నేఫ్యోర్డు అగాధమున స్తంభములు నిలుపుట తేలిక కాదు. అందుచే లావిక్, ఒప్పెదాల్ రేవుల నడుమ 2015లో ‘ఆంపేర్’ ప్రవేశించినది. బ్యాటరీలతోనే నడచు కార్ల ఫెర్రీలలో ప్రపంచమున ఇదియే మొదటిది. ఇది 120 కార్లతో ఇరువది నిమిషములలో ఆవలియొడ్డు చేరగలదు. చిక్కు నీటిలో కాదు, ఒడ్డుననే యెదురైనది. ఓడకు ఒక్కమారుగా కావలసిన విద్యుత్తును ఆ చిన్న గ్రామముల తీగెలు మోయజాలవు. కావున రెండు రేవులందును పెద్ద బ్యాటరీల నుంచిరి. ఓడ ఆవలనున్నంతసేపు అవి మెల్లమెల్లగా విద్యుత్తును కూడబెట్టి, అది వచ్చి నిలిచిన పది నిమిషములలో దానికి అందించును.